గుండ్లకొండ మీద మూడు బిందెలు

కొండెక్కడానికి అనంతపురం జిల్లాకు పోతున్నానంటే తెనాలిలో ఒక్కరూ నమ్మలేదు. మా ఆవిడైతే ఎవరో జాతకం చూసి చెప్పారనుకుంది. చెప్పింది డాక్టరు. యాభై దాటాక పట్టుకున్న షుగరు నన్ను వదలడం లేదనీ, బట్టల కొట్లో పరుపు మీద కూర్చుని మీటరు కర్ర తిప్పితే అది వ్యాయామం కాదనీ ఆయన నాకు గట్టిగా గడ్డి పెట్టాడు. ఆ మాట మా అక్క కొడుకు కిశోర్ చెవిన పడింది. వాడిది బెంగుళూరులో కంప్యూటర్ కంపెనీ ఉద్యోగం. రెండువేల సంవత్సరం దాటిన ఆ కొత్తల్లో అక్కడి కుర్రాళ్లకు ఆదివారం వస్తే కొండల మీద పరుగెత్తే పిచ్చి పట్టింది. వీళ్లకో సంఘం ఉంది. పరుగెత్తేవాడు ముందుగా తెలిసినవాళ్లను పట్టుకోవాలి. వాడు కొండ పైకి చేరితే వాళ్లు ఇంతని చందా ఇస్తారు. ఆ చందాతో కొండ కింది ఊరికి ఏదో ఒక మంచి పని చేస్తారు. ఈసారి మంచినీళ్ల ట్యాంకు.

"మామయ్యా, నువ్వు పరుగెత్తక్కర్లేదు. నడిచి పైకి చేరితే చాలు," అన్నాడు కిశోర్. నేను మా వీధిలో చందాలకు బయల్దేరాను. రైసు మిల్లు రామారావు, నేను పైకి చేరితే అందరికంటే రెట్టింపు ఇస్తానన్నాడు. ఇవ్వాల్సిన అవసరం రాదని వాడి ధైర్యం. ఆ మాటతో నాకు రోషం వచ్చింది. ఆ రోషంతోనే రైలెక్కాను.

వెళ్లి వచ్చాక కాళ్ల నొప్పులు నాలుగు రోజుల్లో తగ్గాయి. తగ్గనిదాని గురించి చెప్పడానికే ఇది రాస్తున్నాను.

గుంతకల్లు

గుంటూరులో ఎక్కిన ప్యాసింజరు తెల్లారేసరికి నంద్యాల దాటించి, డోను దాటించి గుంతకల్లులో దించింది. డోను తర్వాత కిటికీలోంచి చూసి కంగారుపడ్డాను. జూలై నెల. మా వైపు నారుమళ్లు పచ్చగా ఉండే రోజులు. ఇక్కడ చూసినంత మేర దున్ని వదిలేసిన ఎర్రటి నేల, దాని మీద ఒక్క మొలక లేదు. చాళ్లు మాత్రం దువ్వెనతో దువ్వినంత శుభ్రంగా ఉన్నాయి. ఎవరో ఎంతో జాగ్రత్తగా సిద్ధం చేసి పెట్టుకున్నారని అర్థమవుతోంది.

స్టేషను బయట ఒక బండి దగ్గర ఉగ్గాని, బజ్జీ తిన్నాను. మరమరాలను మేము పచ్చి ఉల్లిపాయతో కలిపి సాయంత్రం కాలక్షేపానికి తింటాం. వీళ్లు నీళ్లలో తడిపి, గట్టిగా పిండేసి, తాలింపు పెట్టి పొద్దున్నే టిఫిన్‌గా తింటారు. ప్లేటు నాలుగు రూపాయలు. పక్కనే బండెడు మిరపకాయ బజ్జీలు. మొదటి బజ్జీ కొరకగానే నా కళ్ల వెంట నీళ్లు కారాయి. పక్కన తింటున్న ఆయన, రాత్రి డ్యూటీ దిగిన రైల్వే మనిషి, నన్ను జాలిగా చూసి ఏ ఊరని అడిగాడు. చెప్పాను. పని ఏమిటన్నాడు. కొండెక్కే పోటీ అన్నాను. ఆయన నమలడం ఆపాడు.

"మా దిక్కు కొండలెక్కేది మేకలు, మొక్కుండేవాళ్లు," అన్నాడు. "నువ్వు ఏంటికెక్కుతావన్నా?"

షుగరని చెబితే ఇంకా నవ్వుతాడని, దేవుడికే అని చెప్పి తప్పించుకున్నాను.

హిందూపురం దాటాక

గుంతకల్లులో రైలు మారి హిందూపురంలో దిగేసరికి స్టేషను దగ్గరికి కిశోర్ వాళ్ల బస్సు ఎదురొచ్చింది. బస్సు నిండా కుర్రకారు. నిక్కర్లు, రంగురంగుల బూట్లు, నడుముకు కట్టుకున్న చిన్న నీళ్ల సీసాలు. ఆడపిల్లలూ ఉన్నారు. నాకు ఒక టోపీ పెట్టి, చొక్కా మీద నంబరు కట్టారు. చిలమత్తూరు దాటి గోరంట్ల వైపు తిరిగేసరికి కొండలు మొదలయ్యాయి. మట్టి కొండలు కావు. ఇళ్లంత గుండ్రాళ్లు ఒకదాని మీద ఒకటి ఎక్కి కూర్చున్నాయి. మేమెక్కబోయే గుండ్లకొండ వాటన్నిటిలోకీ నిటారుగా ఉంది. చూడగానే రామారావు గుర్తొచ్చాడు.

కొండ కింది ఊరి పేరు రాయనని వాళ్లకు మాట ఇచ్చాను కాబట్టి రాయను. ఊరి పెద్ద హనుమప్ప మా కోసం రచ్చకట్ట మీద కూర్చుని ఉన్నాడు. డెబ్బై దాటిన మనిషి, నల్లగా, బక్కగా, గొంతు మాత్రం ఊరంతా వినపడేటంత. సంఘం వాళ్లు ముందే వచ్చి ఆయనతో మాట్లాడి ఆదివారానికి ఖాయం చేసుకున్నారు. ఆ రోజు ఊరివాళ్లూ కొండ మీదే ఉంటామని ఆయన చెప్పాడట. చప్పట్లు కొట్టడానికి వస్తారు కాబోలని మా వాళ్లు సంతోషించారు. ఎందుకుంటారో ఎవరూ అడగలేదు.

చందా సంగతి కిశోర్ ఆయనకు మళ్లీ వివరంగా చెప్పాడు. ఆయన శ్రద్ధగా విన్నాడు. విని, నా వైపు తిరిగాడు. వయసులో పెద్దవాణ్ని నేనొక్కణ్నే కదా.

"దుడ్లు ఇచ్చేవాళ్లు ఉత్తినే ఈరా అప్పా? మీరు కొండెక్కితేనే ఇస్తారా?"

"అవును పెద్దాయనా. అదీ పద్ధతి."

"మీకు మోకాలు పట్టుకుంటే మాకు నీళ్లు లేవా?"

ఎగతాళికి అనలేదు. నిజంగా తెలుసుకోవాలనే అడిగాడు.  

నారాయణమ్మ ఇల్లు

మమ్మల్ని ఇద్దరేసి చొప్పున ఒక్కో ఇంట్లో పడుకోబెట్టారు. నాకూ కిశోర్‌కూ హనుమప్ప కోడలు నారాయణమ్మ ఇల్లు వచ్చింది. ఆమెకు ముప్పై అయిదేళ్లుంటాయి. మొగుడు రామాంజి నెమ్మదైన మనిషి, మాట్లాడాల్సిందంతా ఆమెకే వదిలేశాడు. రాగి సంగటి, వేరుశనగ ఊరుబిండి, ఆకుకూర పప్పు పెట్టారు. సంగటి నమలకూడదని, మింగాలని నాకు తెలియదు. నమిలి నమిలి దవడలు నొప్పి పుట్టించుకున్నాను. రామాంజి పక్కకు తిరిగి నవ్వుకున్నాడు.

తిన్నాక చెయ్యి కడుగుదామని లేస్తే నారాయణమ్మ చెంబుతో పాటు ఒక బేసిను తెచ్చి నా చేతుల కింద పెట్టింది. కడిగిన నీళ్లు అందులో పడ్డాయి. ఆ ఎంగిలి నీళ్లను పట్టుకుపోయి దూడ ముందు పెట్టింది. పెళ్లింట్లో చెయ్యి కడిగి వీధంతా బురద చేసే ఊరు మాది. నేను ఆ బేసిను వైపే చూస్తూ నిలబడిపోయాను.

మేము పడుకున్న గదిలో గోడ పొడుగునా గోనె మూటలున్నాయి. వేరుశనగ విత్తనం. పునర్వసు కార్తె ముగిసేలోగా ఒక్క పదును వాన పడితే విత్తుతారట. ఆ తర్వాత విత్తినా కాయ పట్టదట. పడకపోతే ఏం చేస్తారని అడిగాను.

"విత్తనం అమ్మి అప్పు కట్టి, తలుపుకు బీగమేసి బెంగుళూరు బస్సెక్కల్ల. ఇసక మొయ్యను పిలుస్తాండారు," అంది. "ఇంగ వారముండాది అన్నా. రేపు పొద్దున కొండ మీద వరద పాయసం చేస్తాండాము. కొండ మీది సామి, ఆయప్ప చూస్తాడు."

ఆమె ఆ రాత్రి అన్నం తినలేదు. మర్నాటి పని కోసం ఉపవాసమట. వరద పాయసమంటే ఏదో ప్రసాదమనుకుని నేను నిద్రపోయాను.

కొండ దారి

తెల్లవారగానే ఈల ఊదారు. కుర్రాళ్లు లేళ్లలా పోయారు. వాళ్లతో పాటు ఊరి కుర్రాళ్లు కొందరు చెప్పుల్లేకుండా పరుగెత్తారు. నేనూ, సంఘంలోనే ఒక బొద్దు అమ్మాయీ చివర మిగిలాం. మంగళగిరి మెట్లు ఎక్కిన అనుభవం నాకు ఏమీ పనికిరాలేదు. అక్కడ మెట్లున్నాయి. ఇక్కడ నున్నటి బండ, దాని మీద ఎవరో ఏనాడో తొలిచిన కాలి గుంటలు, అంతే. కొన్నిచోట్ల నాలుగు కాళ్లతో ఎక్కాను. ఒకచోట టోపీ ఎగిరి లోయలో పడింది. నంబరు కట్టిన తాడు కంపకు తగులుకుని చొక్కా చిరిగింది. బట్టల వ్యాపారిని, ఆ చిరుగు చూసి ఏడుపొచ్చింది.

సంఘం నీళ్ల డబ్బాలు మోసుకొచ్చే ఇద్దరు మనుషులు సగం దారిలో కూర్చుని బీడీలు కాలుస్తూ కనిపించారు. పైన అందరూ దాహంతో ఉంటారు కదయ్యా అంటే, పరుగెత్తమని మాకు చెప్పలేదు కదా అన్నారు.

ఎలాగైతేనేం, పైకి చేరాను. రామారావు ముఖం తలచుకుని నవ్వుకున్నాను. ఆ నవ్వు ఎక్కువసేపు నిలవలేదు.

బండ మీద

కొండ నెత్తిన విశాలమైన చదును బండ ఉంది. చివర చిన్న రాతి గుడి. మా కుర్రాళ్లంతా ఆ బండ మీద కేరింతలు కొడుతున్నారు. తలలు, చొక్కాలు తడిసి ఉన్నాయి. గెలిచింది మా కిశోరే. జుట్టు నుంచి నీళ్లు కారుతుండగా నా దగ్గరికి పరుగెత్తుకొచ్చాడు. "మామయ్యా, ఊరివాళ్లు భలే ఏర్పాటు చేశారు. చల్లటి నీళ్లు," అన్నాడు. వెనక మూడు ఇత్తడి బిందెలు ఒరిగి ఉన్నాయి. వాటి మెడలకు పసుపు తాళ్లు కట్టి ఉన్నాయి. మూతులకు కప్పిన వేపరెమ్మలు పక్కన పడి ఉన్నాయి. ఏ పోటీకి వెళ్లినా పైన వీళ్ల కోసం ఎవరో నీళ్లు పెడతారు. పరుగు ముగిశాక తల తడుపుకోవాలని వీళ్లకు నేర్పారు. నీళ్లు కనిపించాయి, పోసుకున్నారు. వీళ్ల బుర్రలోకి ఇంకో ఆలోచన రావడానికి దారే లేదు.

 వేపరెమ్మా పసుపుతాడూ ఎందుకు కడతారో నాకు తెలుసు.

గుడి వెనక నుంచి నారాయణమ్మ, ఇంకో ఇద్దరు ఆడవాళ్లు ఎండు పుల్లల మోపులతో వచ్చారు. వాళ్ల వెనక హనుమప్ప, ఊరి మగవాళ్లు. నారాయణమ్మ బిందెలు చూసింది. తడిసిన తలలు చూసింది. పుల్లల మోపు దించి కింద పెట్టింది.  కేరింతలు వాటంతట అవే ఆగిపోయాయి.

"తాగింటే దాహానికి తాగినారులే అనుకుంటాము," అంది నారాయణమ్మ. గొంతు పెంచలేదు. "నెత్తిన పోసుకున్నారా అన్నా?"

ఆమె నన్నడిగింది. నాకు ఆ క్షణంలో కొండ దిగి, రైలెక్కి, తెనాలి వెళ్లి దుప్పటి కప్పుకోవాలనిపించింది. అంత సిగ్గు.

తర్వాత విషయమంతా హనుమప్ప నోట విన్నాం. వాన పడనప్పుడు ఇంటింటా బియ్యం, బెల్లం అడిగి తెచ్చి, ఈ బండ కడిగి, ఇక్కడే పాయసం వండి, బండ మీద పోస్తారు. జనమంతా చేతులు వెనక్కి కట్టుకుని, మోకాళ్ల మీద వంగి, పశువుల మాదిరి దాన్ని నాకుతారు. మనుషులు ఇంత దిగజారారే అని దేవుడికి జాలి కలిగి వాన ఇస్తాడని నమ్మకం. నీళ్లు ఊరి బావివే కావాలి. ఉపవాసమున్నవాళ్లే మోయాలి, ఈసారి ఉన్నది ఈ ముగ్గురు ఆడవాళ్లే. దారిలో బిందె నేలకు తగలకూడదు. పొద్దు నడినెత్తికి రాకముందే పొయ్యి వెలగాలి. ఆ బావిలో ఊట సన్నం. రాత్రంతా ఆడవాళ్లు చెంబులతో తోడి నింపిన మూడు బిందెలవి. మా బూట్ల కింద పారుతున్నది ఆ నీళ్లే.

 అప్పుడే మా డబ్బాల మనుషులు పైకి చేరారు. ఈ నీళ్లతో చేయకూడదా, శుభ్రమైన నీళ్లే అని కిశోర్ అడిగాడు.

"మీ నీళ్లతో వండితే వాన మీ ఊర్లో పడతాది," అన్నాడు హనుమప్ప. తడి బండను చూసి, ఆడవాళ్ల వైపు తిరిగాడు. "బండ కడిగేది అయిపోయినాది. వీళ్లే కడిగినారు. వండేదానికి ఒక్క బిందె సాలు. ఇండ్లలో తాగను పెట్టుకున్న బావినీళ్లు తలా ఒక చెంబు పోస్తే ఒక బిందె అవుతాది. ఎవరు పోతారు?"

మిగతా ఇద్దరు ఆడవాళ్లలో ఒకామె ముసలిది, ఒకామె అప్పటికే నీరసంతో గుడి గోడకు ఆనుకుంది. నారాయణమ్మ కొంగు బిగించింది. కిశోర్ ముందుకొచ్చి తాను మోస్తానన్నాడు. వాడి వెనక ఇంకో పది మంది. అందరూ కొండలు పరుగెత్తి ఎక్కే మొనగాళ్లు.

"పొద్దున ఏమన్నా తినినారా?" అని అడిగింది.

అరటిపళ్లు తిన్నారు. గ్లూకోజు తాగారు. నేను మాత్రలేసుకోవాలని బ్రెడ్డు తిన్నాను. మాలో ఖాళీ కడుపుతో ఉన్నవాడు ఒక్కడూ లేడు. ఆ ఊరికి నీళ్లివ్వడానికి అంత దూరం నుంచి వచ్చిన మాలో ఒక్క బిందె మోయడానికి పనికొచ్చేవాడు లేకపోయాడు. ఇంతకంటే అవమానం నా జీవితంలో నేను చూడలేదు.

ఆమె దిగిపోయింది. కిశోర్ ఆగలేక వెంట పోయాడు. నేను బండ అంచున కూర్చుని చూస్తూ ఉన్నాను. చాలాసేపటికి కింద ఇత్తడి మెరుపు కనిపించింది. నెత్తిన బిందెతో ఆమె, పక్కనే ఖాళీ చేతులతో వాడు. నేను నాలుగు కాళ్లతో ఎక్కిన చోటుకు వచ్చి ఆమె ఆగింది. కాళ్లు వణుకుతున్నాయని పైనుంచే తెలుస్తోంది. వాడు రెండు చేతులూ చాపి, మళ్లీ వెనక్కి తీసుకున్నాడు. ఏం అన్నాడో తెలియదు. ఆమె ఒక చేత్తో బండ పట్టుకుని పక్కకు పక్కకు కదిలింది. మా గుంపులో ఒకమ్మాయి ఏడుస్తోంది. ఎండ నడినెత్తికి దగ్గరవుతోంది. హనుమప్ప పొయ్యి ముందు అగ్గిపెట్టె పట్టుకుని కూర్చున్నాడు.

బిందె పైకి చేరింది. మిగతా ఇద్దరు ఆడవాళ్లూ లేచి దాన్ని తల మీది నుంచే అందుకుని నేరుగా గుండిగలో పోశారు. పొయ్యి వెలిగింది. నారాయణమ్మ నీడలో కూలబడింది. మా సీసాల్లో నీళ్లు నిండుగానే ఉన్నాయి. పూజ కాలేదు కనుక ఆమె తాగలేదు.

పాయసం బండ మీద పోశారు. పల్చగా పారింది. ఊరంతా మోకాళ్ల మీద వంగింది. హనుమప్ప వంగాడు, నారాయణమ్మ వంగింది. నేను ఇంతకాలం బతికి మనుషులు అలా నేలను నాకడం చూడలేదు.  కిశోర్ ఎవరూ చెప్పకుండానే చేతులు వెనక్కి పెట్టుకుని వాళ్ల మధ్య వంగాడు. ఆ తర్వాత మేమంతా వంగాం. బండ వేడికి నాలుక చురుక్కుమంది. బెల్లం కంటే మట్టి రుచి ఎక్కువగా తెలిసింది. షుగరు సంగతి నాకు గుర్తులేదు.

మళ్లీ హిందూపురం

సాయంత్రం బస్సు హిందూపురం చేరుతుండగా ఆకాశం నల్లబడింది. స్టేషను ముందు దిగేసరికి వాన. మామూలు వాన కాదు, రోడ్డు కనపడని వాన. మా కుర్రాళ్లు పిచ్చెత్తినట్టు అరుస్తూ ఒకరినొకరు కౌగిలించుకున్నారు. నేను దేవుళ్లందరికీ దండం పెట్టాను. కిశోర్ తడుస్తూనే టెలిఫోన్ బూత్‌లోకి దూరి, ఆ ఊరి అంగడిలో ఉన్న ఒక్క ఫోనుకు చేశాడు. అంగడాయన నారాయణమ్మను పిలిపించాడు. వాడు ఫోను నాకిచ్చాడు. ఇక్కడ వాన దంచుతోందమ్మా అన్నాను. అక్కడ గాలి లేచి దుమ్ము కొట్టిందట, అంతే.

"మీకు పడిందా అన్నా? అట్లయితే దగ్గరికొచ్చింది," అంది.

తెనాలి వచ్చాక రామారావు మాట తప్పకుండా చందా ఇచ్చాడు. నేను ఆ కొండ సంగతి ఒక్క ముక్క కూడా గొప్పగా చెప్పలేకపోయాను. కార్తె వెళ్లిన మర్నాడు ఆ అంగడికి ఫోను చేశాను. వాన రాలేదు. రామాంజి, నారాయణమ్మ విత్తనం అమ్మేసి, ముందు రోజే బెంగుళూరు బస్సెక్కారట. మా సంఘం వాళ్లొచ్చి ట్యాంకుకు కొలతలు వేసుకుపోయారట.

"ఆయమ్మ మీకు ఒక మాట చెప్పమనింది," అన్నాడు అంగడాయన. "వచ్చే ఏడు వస్తే ముందుగానే చెప్పి రమ్మనింది. మీ పిల్లోళ్లకు వేరేగా నాలుగు బిందెలు మోసి పెడతారంట."

 ఆయన రెండుసార్లు హలో అని ఫోను పెట్టేశాడు.